పేరు స్పెయిన్‌ది, పులుపు ఊళ్లోది

వంటింటి దారుల్లో చరిత్ర – 14

పోయిన భాగంలో గోవాలో ఆగాం. 1510లో పోర్చుగీసులు గోవాను పట్టుకున్నాక వాళ్ల వెంట వచ్చిన వంట ఒకటి, వైనులో వెల్లుల్లి వేసి ఊరబెట్టిన పందిమాంసం, గోవా వంటవాళ్ల చేతిలో పడి విందాలూ అయిన తీరు చూశాం. వైను దొరకని చోట కల్లుతో చేసిన వెనిగర్ పోశారు, ఆనక మిరపకాయ నూరి వేశారు. వంట పరాయిది, మార్పులు మనవాళ్లవి.

ఇప్పుడు మళ్లీ ఓడెక్కి ఇంకా తూర్పుకు, ఫిలిప్పీన్స్ దాకా పోదాం. అక్కడా పందిమాంసమే, వెల్లుల్లే, వెనిగరే. వంట పేరు అడోబో. అది స్పానిష్ మాట. ఆ దీవులను స్పెయిన్ 1565 నుంచి 1898 దాకా ఏలింది. ఇంకేముంది, గోవా కథే మళ్లీ అనుకుంటాం. చాలా వంటల పుస్తకాలూ ఒకప్పుడు అలాగే రాసిపారేశాయి. నన్నడిగితే అడోబో కథ విందాలూ కథకు తలకిందులు. ఇక్కడ వంట ఊళ్లోది, పరాయివాడిచ్చింది పేరు. ఆ తర్వాత వచ్చినవాళ్లు వచ్చినట్టు తలా ఒక దినుసు కుండలో వేసి పోయారు. ఎవరు ఏది వేశారో లెక్క తీయడమే ఈ భాగం పని.

మొదటి సాక్షి ఇటలీవాడు

1521 మార్చిలో, స్పెయిన్ తరఫున బయల్దేరిన నావికుడు మాజెల్లాన్ ఓడలు పసిఫిక్ మహాసముద్రం దాటి ఫిలిప్పీన్స్ దీవుల దగ్గర తేలాయి. ఆ ప్రయాణం ఎలా సాగిందంటే, తిండి అయిపోయి నావికులు ఓడ తాళ్లు ఒరుసుకోకుండా కట్టిన ఎద్దు తోళ్లను సముద్రపు నీళ్లలో నానబెట్టి, నిప్పుల మీద కాల్చి తిన్నారు. ఎలుకలను డబ్బిచ్చి కొనుక్కున్నారు. ఈ సంగతులన్నీ రాసిపెట్టినవాడు ఆంటోనియో పిగాఫెట్టా. ఇటలీలోని విచెంజా ఊరివాడు. యాత్ర మొత్తం చేసి ప్రాణాలతో తిరిగొచ్చిన కొద్దిమందిలో ఒకడు. యుద్ధాలూ రాజులూ అందరూ రాస్తారు. తిన్నదీ తాగిందీ ఇంత శ్రద్ధగా రాసినవాళ్లు తక్కువ.

లిమసావా అనే చిన్న దీవిలో అక్కడి దొర పిగాఫెట్టాను ఒడ్డుకు పిలిచాడు. ఆ రోజు గుడ్ ఫ్రైడే, క్రైస్తవులు మాంసం ముట్టకూడని రోజు. ముందు పంది మాంసమూ జాడీ నిండా కల్లూ వచ్చాయి. ఒక ముక్క, ఒక గుక్క అన్నట్టు సాగింది. వద్దంటే మర్యాద కాదు కనుక తిన్నానని పిగాఫెట్టా రాసుకున్నాడు. రాత్రి భోజనానికి రెండు పెద్ద పింగాణీ పళ్లేలు తెచ్చిపెట్టారు. ఒకదాని నిండా అన్నం, రెండో దాంట్లో పందిమాంసం, దాని పులుసుతో సహా. ఆ పులుసులో ఏం పోశారో ఆయన చెప్పలేదు కనుక దాన్ని పట్టుకుని ఇదే తొలి అడోబో అని నేను ఎగరను. కానీ ఆ రెండు పళ్లేలనూ గుర్తుపెట్టుకోండి. అన్నం పక్కన పులుసుతో పందిమాంసం. పళ్లెమేమో చైనాది. స్పెయిన్ పెత్తనం ఇంకా మొదలే కాలేదు.

వెనిగర్ సంగతి మాత్రం పిగాఫెట్టా దాచలేదు. కొబ్బరిచెట్టు గురించి ఆయన రాసిన పేజీ చదివితే కోనసీమ రైతు ఎవరైనా నవ్వుకుంటాడు. మాకు రొట్టె, వైను, నూనె, వెనిగర్ వేరువేరు చోట్ల నుంచి వస్తాయి, వీళ్లకన్నీ ఈ ఒక్క చెట్టే ఇస్తోందని ఆయన తెగ ఆశ్చర్యపోయాడు. చెట్టు తలలో గీత పెట్టి కల్లు దించడం, కాయలో నుంచి నూనె, పాలు తీయడం, వెనిగర్ చేయడం అన్నీ వివరించాడు. రెండు చెట్లుంటే పదిమంది ఉన్న ఇల్లు గడుస్తుందట, ఎనిమిది రోజులు ఒకటి, ఎనిమిది రోజులు ఇంకొకటి గీస్తే.

అంటే 1521 నాటికే, స్పెయిన్ వాళ్లు అక్కడ ఒక్క ఇల్లయినా కట్టకముందే, ఆ దీవుల్లో పంది ఉంది, అన్నం ఉంది, కల్లు ఉంది, కల్లు వెనిగర్ ఉంది.

కల్లు ఎలా పులుస్తుందో మనకు చెప్పక్కర్లేదు. పొద్దున దించింది తియ్యన, మధ్యాహ్నానికి నిషా, సాయంత్రానికి పులుపు. అక్కడ దాన్ని తుబా అంటారు. పొద్దుపోయాక మిగిలిన తుబాను పారబోయకుండా జాడీల్లో పోసి వదిలేస్తారు. గాలిలోని సూక్ష్మజీవులు అందులోని సారాయిని ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తాయి. వారాలు గడిచేకొద్దీ అది మంచి సుకా, అంటే వెనిగర్ అవుతుంది. మన దగ్గర అదే కల్లు, అవే చెట్లు ఉన్నా మనం ఆ దారి పట్టలేదు. చింతపండు ఉంది, మామిడికాయ ఉంది, గోంగూర ఉంది, మజ్జిగ ఉంది. ఇన్ని పులుపులు ఇంట్లో ఉన్నవాడికి పులిసిన కల్లు దాచుకునే అవసరమేముంది?

ఫిలిప్పీన్స్‌లో మాత్రం ఆ అవసరం గట్టిది. ఏడాది పొడుగునా ఉక్క, వాన. పొద్దున కోసిన పంది సాయంత్రానికి కంపు కొడుతుంది. ఉప్పూ వెనిగరూ కలిసిన పులుపులో మాంసాన్ని చెడగొట్టే సూక్ష్మజీవులు తేలిగ్గా బతకలేవు. అందులోనే ఉడికించి, పైకి తేలిన కొవ్వును తీసెయ్యకుండా వదిలేస్తే అది చల్లారి ముక్కల మీద మూతలా పేరుకుంటుంది. మన ఆవకాయ మీద నూనె తేలి ఉండాలంటారే, అలాగన్నమాట. ఫ్రిజ్ లేని ఇంట్లో ఆ కూర రోజుల తరబడి నిలిచేది. పొలానికి, పడవ మీదికి, ఊరి ప్రయాణానికి మూటకట్టుకుపోవడానికి అదే వంట.

చేపలకైతే పొయ్యి కూడా అక్కర్లేదు. పచ్చి చేపను ముక్కలు కోసి వెనిగర్‌లో వేస్తే ఆ పులుపుకే మాంసం తెల్లబడి గట్టిపడుతుంది. దాన్ని కినిలావ్ అంటారు. నిప్పు లేకుండా పులుపుతో చేపను వండుకున్న చేతులకు, అదే పులుపులో పందిని వేసి పొయ్యి మీద పెట్టడం పెద్ద దూరం కాదు.

పేరు పెట్టిన పాదిరి

స్పెయిన్ సేనాని లెగాస్పీ 1565లో సెబూ దీవిలో పాగా వేశాడు, 1571లో మనీలాను రాజధాని చేసుకున్నాడు. సైనికుల వెనకాలే పాదిరీలు వచ్చారు. మతం చెప్పాలంటే భాష రావాలి, భాష రావాలంటే నిఘంటువు కావాలి. అలా ఫ్రాన్సిస్కన్ పాదిరి పెద్రో దె సాన్ బువెనావెంతూరా తగలోగ్ భాషకు నిఘంటువు కట్టాడు. 1613లో లగూనా సరస్సు ఒడ్డున పీలా అనే ఊళ్లో దాన్ని అచ్చువేశారు. అచ్చు వేసినవాడు తొమాస్ పిన్‌పిన్, అచ్చుపని నేర్చిన తొలితరం ఫిలిపినో.

ఆ నిఘంటువులో స్థానికుల వంట ఒకటి చెప్పాల్సి వచ్చినప్పుడు పాదిరి, ఇది ఇక్కడివాళ్ల అడోబో అని రాశాడు. మొత్తం వివాదానికి నాకు ఇంతకన్నా మంచి సాక్ష్యం కనబడలేదు. తమవాళ్లు నేర్పిన వంటే అయితే ఉత్త అడోబో అని రాసి ఊరుకునేవాడు. ఇక్కడివాళ్లది అని ప్రత్యేకంగా గీత గీయడంలోనే, ఇది మాది కాదు, మాదాన్ని పోలి ఉంది అన్న ఒప్పుకోలు ఉంది. కొత్త ఊళ్లో చూసిన ప్రతిదానికీ సొంతూరి పేరు తగిలించడం వలసొచ్చినవాడి అలవాటు. వాడు వెళ్లిపోయాక కూడా పేరు మిగులుతుంది.

రెండు వంటలనూ పక్కపక్కన పెట్టి చూసినా తేడా తెలుస్తుంది. స్పెయిన్‌లో అడోబో అంటే వండబోయే ముందు చేసే పని. వెనిగర్, వెల్లుల్లి, వాము లాంటి వాసన వేసే ఒరెగానో ఆకు, అమెరికా నుంచి మిరప వచ్చాక ఎర్రటి మిరపపొడి, వీటిలో మాంసాన్ని ఊరబెట్టి, ఆ తర్వాత తీసి వేయిస్తారు, కాలుస్తారు. ఊరబెట్టిన నీళ్లతో పని అయిపోతుంది. ఫిలిప్పీన్స్‌లో ఆ నీళ్లే వంట. మాంసం అందులోనే ఉడుకుతుంది, అదే ఇగిరి పులుసవుతుంది, అదే అన్నంలో కలుపుకుంటారు. ఊరబెట్టడం కొందరు చేస్తారు, కొందరు చేయరు.

స్పెయిన్ వాళ్లు ఏమీ ఇవ్వలేదని కాదు. ఆ కుండలో పడే లారెల్ ఆకు వాళ్లదే. మన బిర్యానీ ఆకు అనుకునేరు, కాదు. మన ఆకు దాల్చినచెక్క జాతిది, మీద నిలువుగా మూడు ఈనెలుంటాయి. లారెల్ మధ్యధరా సముద్రం ఒడ్డు చెట్టు, ఒకే నడి ఈనె, వాసన కూడా వేరు.

చైనా జాడీ

పిగాఫెట్టా తిన్న పళ్లేలు చైనావని చెప్పాను కదా. మనీలాలో వెండి వచ్చిపడుతోందని తెలిశాక ఫూజియన్ తీరం నుంచి వర్తకులూ చేతిపనివాళ్లూ మందలుగా దిగారు. వాళ్లు ఊళ్లో ఎక్కడపడితే అక్కడ ఉండడం స్పెయిన్ దొరలకు నచ్చలేదు. 1580ల తొలి ఏళ్లలో కోట గోడల బయట పరియాన్ పేరుతో వాళ్లకొక పేట కట్టారు. ఆ పేట ఎప్పుడూ కోట ఫిరంగుల గురికి అందేంత దూరంలోనే ఉండేది. 1594లో క్రైస్తవం పుచ్చుకున్న చైనీయుల కోసం నది అవతల బినోందో వెలిసింది. ఈ రోజుకీ అది ప్రపంచంలోకెల్లా పాత చైనాటౌన్‌గా చెలామణీ అవుతోంది.

వాళ్లు లేకపోతే ఊరికి పూట గడవదు, వాళ్లుంటే దొరలకు నిద్ర పట్టదు. 1603లో తిరుగుబాటు లేచినప్పుడు చైనీయులను వేలాదిగా ఊచకోత కోశారు. చెప్పులు కుట్టేవాడూ రొట్టెలు కాల్చేవాడూ లేక ఊరు అల్లాడింది. కొద్ది ఏళ్లలోనే మళ్లీ ఓడలొచ్చాయి, పరియాన్ మళ్లీ నిండింది.

వీళ్ల జాడీల్లో వచ్చిందే సోయా సాస్. ఫిలిప్పీన్స్ వాళ్లు తోయో అంటారు. అప్పటిదాకా అడోబోలో ఉప్పే వేసేవాళ్లు, కూర లేతరంగులో ఉండేది. ఉప్పు స్థానంలో సోయా సాస్ చేరాక గోధుమరంగు వచ్చింది, రుచి బరువెక్కింది. ఇవాళ లోకమంతా అడోబో అనగానే తలుచుకునేది ఈ నల్లటి రూపాన్నే. దాని ముందు తరాన్ని అడోబోంగ్ పుతీ, అంటే తెల్ల అడోబో అంటారు. పాత ఇళ్లలో ఇంకా వండుతున్నారు. నా మటుకు నాకు తెల్లదే ఇష్టం. సోయా సాస్ పడ్డాక పంది రుచి సగం దాని చాటుకు పోతుంది.

కల్లుగీత పసిఫిక్ దాటింది

1565లోనే ఉర్దనేతా అనే పాదిరి గాలుల మర్మం కనిపెట్టి, ఫిలిప్పీన్స్ నుంచి మెక్సికోకు తిరుగు ప్రయాణం దారి చూపించాడు. అప్పటినుంచి 1815 దాకా మనీలాకూ మెక్సికోలోని అకపుల్కోకూ మధ్య గాలియన్ ఓడలు నడిచాయి. అటు నుంచి వెండి, ఇటు నుంచి పట్టు, పింగాణీ. పుస్తకాలు ఈ వెండి లెక్కలతో నిండిపోతాయి. మనకు కావలసింది వంటింటి సరుకు.

మెక్సికో నుంచి వచ్చినవాటిలో అచువేతే గింజ ఒకటి. దీన్ని మనం జాఫ్రా అంటాం. మన మన్యంలో గిరిజన రైతులు పండిస్తున్న ఎర్ర గింజే. కొన్ని ఊళ్లలో దీన్ని నూనెలో కాచి అడోబోకు ఎరుపు తెప్పిస్తారు. కారం కాదు, రంగు మాత్రమే.

ఇటు నుంచి అటు పోయినదాని కథ ఇంకా రంజుగా ఉంటుంది. గాలియన్లలో కూలి నావికులు ఎక్కువమంది ఫిలిపినోలే. ఓడలో బతుకు నరకం. మెక్సికో ఒడ్డు తగలగానే దిగి మాయమయ్యేవాళ్లు. 1619లో సెబాస్తియాన్ దె పినేదా అనే కెప్టెన్ రాజుగారికి ఒక నివేదిక పంపాడు. ముందటి ఏడు ఒక ఓడలో పోయిన 75 మంది కూలి నావికుల్లో తిరిగొచ్చింది అయిదుగురేనని మొరపెట్టుకున్నాడు. మిగతావాళ్లు అక్కడేం చేస్తున్నారయ్యా అంటే కొబ్బరిచెట్లు గీసి కల్లు దించి సారా కాస్తున్నారు. అది చవక, ఘాటు. మెక్సికోలో జనం స్పెయిన్ వైను మానేసి అదే తాగడం మొదలుపెట్టారు, వైను వ్యాపారం దెబ్బతింటుంది, కనుక వాళ్లందరినీ ఓడలెక్కించి వెనక్కి పంపండి అని ఆయన సలహా. ఎవరు వింటారు? మెక్సికో పశ్చిమ తీరంలో కొలీమా పట్నం వీధుల్లో ఈనాటికీ తుబా అమ్ముతారు, అదే పేరుతో.

ఫిలిప్పీన్స్‌లోనే ఇంకొక పులుపు మీద నెత్తురు పారింది. ఉత్తరాన ఇలోకోస్ ప్రాంతంలో కొబ్బరి కన్నా చెరకు ఎక్కువ. చెరకు రసం కాచి, పులియబెట్టి చేసే బాసి అనే మద్యం వాళ్లకు ప్రాణం. అదింకా పులిస్తే నల్లటి ఇలోకో వెనిగర్. స్పెయిన్ సర్కారు బాసి తయారీని తన గుత్తాధిపత్యంలోకి తీసుకుని, ఇంట్లో చేసుకోవడాన్ని నిషేధించింది. ఆబ్కారీ వాళ్ల దౌర్జన్యం తెలిసిన మనకు ఆ కోపం తేలిగ్గానే అర్థమవుతుంది. 1807లో పిడ్డిగ్ అనే ఊళ్లో జనం తిరగబడ్డారు. కొద్ది రోజుల్లోనే తిరుగుబాటును అణిచేశారు. 1821లో ఎస్తెబాన్ విల్యానువేవా అనే చిత్రకారుడు ఈ తిరుగుబాటును 14 చిత్రాలుగా గీశాడు. ఇలోకోస్ వాళ్ల అడోబోలో ఇప్పటికీ పడేది ఈ చెరకు వెనిగరే. మనీలాకు ఉత్తరాన బులకాన్ ప్రావిన్స్‌లోని పావోంబోంగ్ ఊరివాళ్లు బురదనేలల్లో పెరిగే నీపా అనే పొట్టి తాటిజాతి చెట్టు కల్లుతో వెనిగర్ చేస్తారు. ఊరు మారితే చెట్టు మారుతుంది, చెట్టు మారితే కూర మారుతుంది.

మద్రాసు నుంచి వచ్చిన పటాలం

ఇక్కడొక చిన్న పిట్టకథ చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే అందులో మనవాళ్లున్నారు.

యూరప్‌లో ఏడేళ్ల యుద్ధం జరుగుతోంది. స్పెయిన్ మీద యుద్ధం ప్రకటించిన ఇంగ్లండ్ 1762లో మనీలా మీదికి దండు పంపింది. ఆ దండు బయల్దేరింది లండన్ నుంచి కాదు, మద్రాసు రేవు నుంచి. సేనాని విలియం డ్రేపర్, నౌకాపతి శామ్యూల్ కార్నిష్. ఇంగ్లిషు పటాలంతో పాటు ఈస్టిండియా కంపెనీ సిపాయిలు సుమారు 600 మంది, ఓడపని చేసే లాస్కర్లు ఎక్కారు. మచిలీపట్నం కోట అప్పటికి మూడేళ్ల ముందే, 1759లో, కంపెనీ చేతికి వచ్చింది. మద్రాసు సిపాయి పటాలాల్లో తమిళులూ తెలుగువాళ్లూ కలిసి పనిచేసిన రోజులవి. అక్టోబరు 6న మనీలా లొంగిపోయింది. 1764లో ఇంగ్లిషువాళ్లు ఊరు తిరిగి ఇచ్చేసి ఓడలెక్కారు.

కొందరు సిపాయిలు ఎక్కలేదు. మనీలా తూర్పున కాయింతా, తయ్‌తయ్ ఊళ్లలో ఆగిపోయి, అక్కడి అమ్మాయిలను పెళ్లాడి, అక్కడివాళ్లే అయిపోయారు. వాళ్ల సంతతి సంగతి ఫిలిప్పీన్స్ చరిత్రకారులు రాస్తూనే ఉన్నారు. వేరుశనగ ముద్దలో ఎద్దుతోక ఉడికించి చేసే కరే-కరే అనే కూర ఆ సిపాయిల కర్రీ జ్ఞాపకమని ఒక కథ ఉంది. కాదు మాదంటారు పంపాంగా ప్రాంతపు వంటవాళ్లు. కథ అందమైనది, కానీ దాని వెనకాల కాగితం లేదు. అందుకని దాన్ని నమ్మేవాళ్ల వరసలో నేను నిలబడను. బతాంగాస్ ప్రాంతంలో పసుపు వేసి చేసే అడోబో ఉంది. దాన్ని చూసి కూడా మన సిపాయిలకు ఘనత కట్టబెట్టకండి. పసుపు ఆ దీవుల్లో సిపాయిల కన్నా ఎన్నో వందల ఏళ్లు పాతది.

ఏది అసలు అడోబో?

2021 జులైలో ఫిలిప్పీన్స్ వాణిజ్య శాఖకు ఒక ఆలోచన వచ్చింది. అడోబో లాంటి వంటలకు జాతీయ ప్రమాణం రాయాలి, ఇదిగో అసలైన అడోబో అని లోకానికి చెప్పాలి. దానికొక సాంకేతిక సంఘం కూడా వేశారు. మర్నాటి నుంచి దేశమంతా విరుచుకుపడింది. మా అమ్మ వండేది అడోబో కాదా అని ప్రతి ఇల్లూ అడిగింది. బికోల్ ప్రాంతం వాళ్లు కొబ్బరిపాలు పోస్తారు, బతాంగాస్ వాళ్లు పసుపు వేస్తారు, కొందరు చక్కెర వేస్తారు, కొందరు ఆ మాటెత్తితే మండిపడతారు, కొందరికి పులుసు కావాలి, కొందరికి పొడిగా వేగాలి. చివరికి శాఖవారు, ఇది తప్పనిసరేమీ కాదు, విదేశాల్లో ప్రచారం కోసం సంప్రదాయ పద్ధతి ఒకటి రాసిపెడతామంతే, ఇళ్లలో ఎవరిష్టం వాళ్లదని సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది.

ఆ అధికారులు పులిహోరకు జాతీయ ప్రమాణం రాయడానికి మన దగ్గరికి వచ్చి ఉంటే ఏం జరిగేదో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఫిలిప్పీన్స్ తిండి గురించి అందరికన్నా బాగా రాసిన డోరీన్ ఫెర్నాండెజ్ (ఆమె ‘తికిమ్’ పుస్తకం 1994లో వచ్చింది) జీవితమంతా చెప్పింది ఒకటే. బయటినుంచి వచ్చిన ప్రతి వంటనూ ఫిలిపినోలు తమ నాలుకకు తగ్గట్టు మలుచుకున్నారు, ఆ మలుపులోనే వాళ్ల చరిత్ర ఉంది అని. అడోబో విషయంలో నేను ఇంకొక అడుగు ముందుకేస్తాను. ఇది పందికి కట్టుబడిన వంట కూడా కాదు. కోడితో చేస్తారు, స్క్విడ్ అనే సముద్రజీవితో దాని సిరాతో సహా నల్లగా చేస్తారు, అలసందకాయలతో చేస్తారు. కాంగ్‌కోంగ్ అడోబో అని ఒకటుంది. కాంగ్‌కోంగ్ అంటే మన చెరువుల్లో పెరిగే తూటికూరే. పంది తినని ఫిలిప్పీన్స్ దక్షిణ దీవుల ముస్లిములూ, అక్కడి డావావ్ నగరంలో వైద్యం చదవడానికి వెళ్లిన మన తెలుగు పిల్లలూ ఈ కూరను కోడితో తినడానికి అడ్డేమీ లేదు. మారనిది వెనిగర్, వెల్లుల్లి, మిరియం. తక్కినదంతా ఆ ఇంటి ఇష్టం.

కుండ ఎక్కిద్దాం

చాలామంది పాఠకులు ఉత్త చరిత్ర చెప్పి పంపేయొద్దంటున్నారు కనుక పసుపు అడోబో చెబుతాను. సోయా సాస్ లేని పాత పద్ధతి, పసుపు దాని మెలిక. మన వంటింట్లో లేనిది ఇందులో దాదాపు ఏమీ లేదు.

కిలో పందిమాంసం తీసుకోండి. సగం పొట్టభాగం, చర్మమూ కొవ్వూ ఉన్నది. సగం భుజం. రెండంగుళాల ముక్కలు. అంతకన్నా చిన్నవైతే ఉడికేసరికి చిదురైపోతాయి. ఒక పెద్ద వెల్లుల్లి గడ్డ మొత్తం, పొట్టు తీసి చితక్కొట్టింది. రెండంగుళాల పచ్చి పసుపు కొమ్ము తురుము, లేకపోతే చెంచాన్నర పొడి. చెంచాడు మిరియాలు, సగం కచ్చాపచ్చాగా. లారెల్ ఆకులు రెండు. ఉప్పు చెంచాన్నర. కొబ్బరి వెనిగర్ అరకప్పు. గోవా, కేరళ సరుకులమ్మే కొట్లలో దొరుకుతుంది. దొరక్కపోతే మామూలు తెల్ల వెనిగరే కొంచెం తగ్గించి వాడండి, దాని ఘాటు మొరటుది.

అన్నీ ముక్కలకు పట్టించి రెండు మూడు గంటలు వదిలేయండి. రాత్రంతా అయితే ఫ్రిజ్‌లో పెట్టండి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపుకు అది కరుగుతుంది. సంప్రదాయంగా వాళ్లు వండేది పలయోక్ అనే మట్టికుండలో. మట్టికుండ గానీ స్టీలు గిన్నె గానీ తీసుకుని, ఊరినదంతా వేసి, కప్పు నీళ్లు పోసి పొయ్యి ఎక్కించండి.

ఇక్కడ ఫిలిప్పీన్స్ అమ్మమ్మల ఆజ్ఞ ఒకటుంది. వెనిగర్ మరిగేదాకా మూత పెట్టకూడదు, గరిటె పెట్టకూడదు, పెడితే పచ్చి పులుపు కూరలో ఉండిపోతుందంటారు. మూత మాట నిజమే, ఆవిరితో పాటు ఘాటు కొంత పోవాలి. గరిటె మాటకు రసాయనశాస్త్రం అంతగా ఒప్పుకోదు. అయినా నేను కదపను.

బాగా మరిగి ముక్కుకు తగిలే ఘాటు తగ్గాక మంట తగ్గించి, ఓరగా మూత వేసి, గంటో గంటంబావో ఉడకనివ్వండి. ముక్క గోటితో చీలాలి. అప్పుడు ముక్కలు పక్కకు తీసి, పైన తేలిన కొవ్వును బాణలిలోకి వంచి, అందులో ముక్కలను అంచులు ఎర్రబడేదాకా వేయించండి. ఈలోగా పులుసును సగానికి ఇగరనివ్వండి. రెండూ కలిపి రెండు నిమిషాలు. బికోల్ రుచి కావాలంటే చివర్లో చిక్కటి కొబ్బరిపాలు కప్పుడు పోసి ఒక పొంగు రానివ్వండి.

ఇంతవరకు వచ్చాక మన చెయ్యి ఊరుకోదు. కారం వేద్దాం, గరం మసాలా చల్లుదాం, చివర్లో కరివేపాకు పోపు పెడదాం అనిపిస్తుంది. ఒక్కసారి ఆగండి. కారం వేస్తే అది గోవా దారి పడుతుంది, కాచంపులి అనే కొడగు పులుపు వేస్తే అక్కడి పంది కూర అవుతుంది, రెండూ గొప్పవే కానీ వాటికి వేరే రోజుంది. ఎండుమిరపకాయ ఒక్కటి తుంచకుండా వేసుకోండి, బికోల్ వాళ్లు ఏమీ అనుకోరు.

వేడివేడి అన్నంతో తినండి, కానీ సగం దాచండి. మర్నాటికి పులుపు సర్దుకుని, కూర ఇంకా బాగుంటుంది.

(వచ్చే భాగం: జాజికాయ కోసం కొట్టుకున్న రాజ్యాలు)